మూడు సంఘాలకు ఒకే కప్పు

వాట్సాప్ మా చొప్పదండికి కొత్తగా దిగిన ఆ రోజుల్లో, నోటితో చెబితే నిమిషంలో తేలిపోయే సంగతిని వేలితో చెప్పి ఊరంతా తిప్పుకోవడం మాకు అప్పుడప్పుడే అలవాటవుతోంది. నాకు ఇరవై మూడేళ్ళు. ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరుని. (తెలుగు టీచరునని పనిగట్టుకుని ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది. నవ్వేదేదో అప్పుడు నవ్వండి.) ఆ వయసులో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. లోకంలోని తగాదాలన్నీ మనుషులు సరిగ్గా మాట్లాడుకోకపోవడం వల్లనే వస్తాయనేది ఒకటి. నేను మాత్రం సరిగ్గానే మాట్లాడతాననేది రెండోది.

మా ఊళ్ళో అప్పటికి మూడు చర్చీలు. రాతిగోడల పెద్దగుడి మొదటిది. దాని అయ్యగారు రోళ్ళు పగిలే ఎండలో కూడా కోటు విప్పని పెద్దమనిషి. రెండోది నగలు పెట్టుకోని, రంగుబట్టలు కట్టుకోని వాళ్ళ సంఘం. వాళ్ళ పెద్దని ఊరంతా తెల్లబట్టల బ్రదర్ అనేది. మూడోది రైసుమిల్లు వెనక రేకుల షెడ్డులో కొత్తగా పెట్టిన సంఘం. అక్కడ డ్రమ్ములు, కీబోర్డు, మైకు, వాటన్నిటినీ మించిన గొంతుతో షెడ్డు పాస్టరూ ఉండేవారు. విడివిడిగా చూస్తే ముగ్గురూ బంగారంలాంటి మనుషులు. ఒకచోట కూర్చోబెడితేనే చిక్కు. మా బాపు (మా నాన్న) పెద్దగుడి మనిషి, అవ్వ (అమ్మ) తెల్లబట్టల సంఘం. ఆదివారం పొద్దున ఇద్దరూ ఒకే గడప దాటి, పోస్టాఫీసు దాకా కూరల ధరలు మాట్లాడుకుంటూ వెళ్ళి, అక్కడ ఆయన కుడికి, ఆమె ఎడమకి తిరిగేవాళ్ళు. ఇంట్లో ఆ ఊసే ఎత్తకూడదనే ఒప్పందం మీద పాతికేళ్ళు కాపురం చేశారు. అందువల్ల ముగ్గురు పాస్టర్లూ కలిసి పేదల కోసం 'ఐక్య సేవా కమిటీ' అని ఒకటి పెట్టినప్పుడు కార్యదర్శిగా నన్ను ఎన్నుకున్నారు. "గీ పిల్లల రెండు సంఘాల నెత్తురున్నది, మా షెడ్డు పాటలు గూడ మంచిగ పాడుతది. ఇగ ఇంతకన్న ఐక్యత ఏడ దొరుకుతది?" అన్నారు షెడ్డు పాస్టర్. నేను నిజమేననుకున్నాను.

మొదటి మీటింగులో రెండు అంశాలు. ఒకటి, మూడు సంఘాలూ ఏదైనా ఒక ఆదివారం కలిసి ప్రభు భోజనం తీసుకోవడం. రెండోది, పైకప్పు కూలిన సాంచాల తాత ఇల్లు. ప్రభు భోజనమంటే రొట్టెముక్క, గుక్కెడు ద్రాక్షరసం అందరూ పంచుకునే ఆచారం. దాని అర్థం విషయంలో ముగ్గురికీ ఏ పేచీ లేదు, పేచీ అంతా కప్పు దగ్గరే. పెద్దగుడిలో ద్రాక్షరసం చిన్న చిన్న గాజు కప్పుల్లో ఇస్తారు. తెల్లబట్టల సంఘంలో అందరూ ఒకే పాత్రలోంచి తాగాలి, లేకపోతే అది ప్రభు భోజనమే కాదంటారు. షెడ్డులో వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు. రెండు గంటల పాటు దీని మీద ఎంతో మర్యాదగా, ఒకరినొకరు 'ప్రియ సహోదరుడా' అని పిలుచుకుంటూ, కత్తులు నూరుకుని వాయిదా వేశారు. రెండో అంశం చెప్పులు తొడుక్కుంటూ గుమ్మంలో తేల్చేశారు. తాత ఇంట్లో వంటిల్లు, నడిమి అర్ర అనే మధ్య గది, అరుగు ఉన్నాయి కాబట్టి తలా ఒక భాగం కప్పితే ఎవరి వంతు ఫోటో వాళ్ళు తీసుకోవచ్చని అనుకున్నారు.

ఇక సాంచాల తాత సంగతి. ఆయన సిరిసిల్లలో ముప్పయ్యేళ్ళు సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, గుడ్డ నేసిన మనిషి. ఆ చప్పుడుకి చెవులు సగం పోయాయి. దగ్గు మొదలయ్యాక పని మానేసి సొంత ఊరు చేరాడు. కిందటి వానల్లో ఇంటి పైకప్పు దూలాలతో సహా కూలిపోయింది, గోడలు మాత్రం నిలిచాయి. ఆయన భార్య వానాకాలమంతా తలమీద గోనెసంచి వేసుకుని వంట చేసి, చలికాలమంతా ఓర్చుకుని, చివరికి ఒకరోజు సంచి సర్దుకుని భైంసాలో ఉన్న కూతురింటికి వెళ్ళిపోయింది. "మిరుగం లోపల నెత్తిమీద కప్పు పడితెనే వస్త. లేకుంటె నేను గీడనే ఉంట, నువ్వు గాడనే ఉండు" అని ఫోనులో తేల్చి చెప్పిందట. మిరుగం, అంటే వానలు మొదలయ్యే మృగశిర కార్తె, ఇంకో పదిరోజుల్లో ఉంది. తాత మా ఏ సంఘం మనిషీ కాదు, పద్మశాలి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నావంక అనుమానంగా చూసి, "కప్పు ఏస్తె గుడికి రావాల్నా బిడ్డా?" అని అడిగాడు. "అక్కర్లే తాతా" అన్నాను. కాసేపు ఆలోచించి, "మా ముసల్ది వస్తె సాలు. అది లేక మూణ్ణెల్లాయె, అన్నం దిగుత లేదు" అన్నాడు. చెప్పడమైతే మామూలుగానే చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కూర్చుంటే నాకు మూడు ముక్కల పైకప్పు సంగతి నచ్చలేదు. మూడు సంఘాలు మూడు రకాలుగా కప్పితే మధ్యన సందులుంటాయి, వాన సరిగ్గా ఆ సందుల్లోంచే దిగుతుంది. పెద్దగుడి వెనక పాత బడివి మంచి టేకు దూలాలు ఊరికే పడున్నాయి. షెడ్డు వాళ్ళ దగ్గర మిగిలిపోయిన నీలం రేకులున్నాయి. తెల్లబట్టల సంఘంలో సగం మంది మేస్త్రీలు, వడ్రంగులే. ముగ్గురూ కలిస్తే ఒక్క రోజు పని. అంతే, ఉత్సాహం పట్టలేక కమిటీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. ఆ అక్షరాలు నాకింకా కంఠతా వచ్చు. "అందరికీ వందనాలు. నేను చాలా ఆలోచించాను. చిన్న చిన్న కప్పులు ఇక వద్దు. విడివిడిగా ఉంటే ఎప్పటికీ ఐక్యత రాదు. మూడు సంఘాలకూ కలిపి ఒకే పెద్ద కప్పు. దయచేసి ఎవరూ కాదనకండి." తాత పేరు గానీ, ఇల్లనే మాట గానీ అందులో ఎక్కడా లేదు. (అవును, తెలుగు టీచరునే. నానార్థాల పాఠం ఎండాకాలం సెలవులకి ముందే చెప్పాను.)

ముందుగా తెల్లబట్టల బ్రదర్ నుంచి జవాబొచ్చింది. వరసగా పదిహేను దండాల బొమ్మలు. వెంటనే ఫోను. "సిస్టర్, ఇరవై ఏండ్ల సంది నేను జేస్తున్న ప్రార్థన ఇది. ఒక్క కప్పు! మీ నోట వచ్చింది సూడుండ్రి" అన్నారు. పేదల మీద ఈయనకి ఇంత ప్రేమ ఉందని ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయానే అని నేను సిగ్గుపడ్డాను. "పెద్దది నేనే తెస్త. ఎక్కడ పెట్టుమంటరు?" అన్నారు. "తాత ఇంటికాడ్నే" అన్నాను, ఇంకెక్కడ పెడతారు! "ఏ సంఘానికీ చెందని ఇల్లు. దేవుడు మీకు మస్తు తెలివిచ్చిండు సిస్టర్" అని పెట్టేశారు. తర్వాత షెడ్డు పాస్టర్ చేశారు. ఆయనది దిగులు. "సిస్టర్, మేం మొన్ననే కొత్తయి కొన్నం. అన్ని చిన్నయే. ఇప్పుడు వద్దంటె ఎట్ల?" చిన్న రేకులనుకున్నాను. "ఫికర్ జెయ్యకుండ్రి పాస్టర్ గారూ, అవి గూడ తాత ఇంటికాడ దించుండ్రి. పెద్దదానికి అతుకేద్దాం" అన్నాను. "అతుకా?" అన్నారాయన నీరసంగా.

అసలు ప్రమాదం పెద్దగుడి అయ్యగారితో జరిగింది. ఆయన ఫోనులో కూడా కోటు వేసుకున్నట్టే మాట్లాడతారు. "అమ్మాయీ, మా తాతలనాటి నుంచి వస్తున్న పద్ధతి మాది. ఇప్పుడు నువ్వు పాతవన్నీ తీసెయ్యమంటున్నవా?" అన్నారు. "పాతయి దేనికి పనికొస్తయి అయ్యగారూ? అండ్ల ఎలుకలు తిరుగుతున్నయి. నా కండ్లతోని సూసిన" అన్నాను, తాత ఇంట్లో కూలి పడున్న పాత పెంకుల సంగతనుకుని. "మావాటిల్ల ఎలుకలా?" "ఎలుకలే కాదు, పోయిన వానకాలం జెర్రి గూడ పడ్డది." ఆయన కాసేపు తమాయించుకుని, "సరే, అందరికీ ఒక్కటే అంటే రోగాలు రావా?" అన్నారు. "కప్పు లేకుంటెనే రోగాలొస్తయి. తాత దగ్గు సూడలేదా?" అన్నాను. "ఎంత పెద్దది అనుకుంటున్నవు?" అని చివరగా, చాలా మెల్లిగా అడిగారు. "ఇరవై అడుగులుంటె సాలు అయ్యగారూ. పదిమంది పడితే లేస్తది" అని ధైర్యం చెప్పాను. ఆయన ఫోను పెట్టేశారు. పెద్దాయన కదా, ఒప్పుకోవడానికి మొహమాటపడుతున్నారనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బి.ఎడ్. పరీక్షలకి కరీంనగర్ వెళ్ళి మేనత్త ఇంట్లో దిగాను. చదువు మీదే ధ్యాస ఉండాలని అత్త నా ఫోను తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. కాబట్టి ఆ ఆదివారం చొప్పదండిలో ఏం జరిగిందో తర్వాత మా అవ్వ చెబితేనే తెలిసింది. మూడు చర్చీల్లోనూ కప్పు మీదే ప్రసంగం. పెద్దగుడిలో ముఖ్యాంశం 'తరాల వారసత్వం, నేటి పిల్లకాయల అహంకారం'. తెల్లబట్టల సంఘంలో నా పేరు చెప్పి స్తుతులు. షెడ్డులో ఇటూ అటూ కాకుండా పాటలతోనే ఆరాధన ముగించారు. పాతికేళ్ళలో మొదటిసారి మా బాపు ఇంటికొచ్చి, "నీ బిడ్డకు నువ్వే ఎక్కిచ్చినవ్" అని అవ్వతో అన్నాడట. "సత్యం ఒకలు ఎక్కిస్తె ఎక్కేది గాదు, దానికదే ఎక్కుతది" అందట అవ్వ. రెండు రోజులు పొయ్యి మీద చాయ్ వేరువేరుగా కాగింది.

పరీక్షలు ముగించుకుని మంగళవారం పొద్దున బస్సు దిగి, ఎంత పనైందో చూద్దామని నేరుగా తాత ఇంటికే వెళ్ళాను. గోడలు గోడల్లాగే ఉన్నాయి. పైన ఆకాశం ఆకాశంలాగే ఉంది. నడిమి అర్రలో నులకమంచం మీద తాత కూర్చుని ఉన్నాడు. ఆయన ఎదురుగా పీట మీద ఎర్ర మఖమలు గుడ్డ పరిచి, దాని మీద బిందెకి చెల్లెలంత స్టీలు కప్పు పెట్టి ఉంది, రెండు వైపులా పిడులు, మీద నా పేరుతో సహా 'ఐక్యత' అని చెక్కించి. పక్కన గోనెసంచెడు ప్లాస్టిక్ కప్పులు. ఇంకో పక్క పెద్దగుడి నుంచి వచ్చిన చెక్కపళ్ళెం, అందులో తళతళలాడే చిన్న గాజు కప్పులు, 'ఎలుక ఎక్కడుందో చూపించగలరు' అని అయ్యగారి చేతిరాతలో ఒక చీటీ. ఆ చీటీ చదివాక గానీ నేను రాసిన కప్పు వాళ్ళకి ఏ కప్పుగా చేరిందో నాకు తెలియలేదు.

"మీ కిరస్తానీల సంగతి నాకు ఎర్కలే బిడ్డా" అన్నాడు తాత నిదానంగా, "గని ఇల్లు కూలినోనికి గిన్ని కప్పులు ఇచ్చుడు ఏడ సూడలే. ఇండ్ల ఏమన్న పోసుకుంటరా, నెత్తిమీద పెట్టుకుంటరా?" నవ్వాలో ఏడవాలో తెలియక, ఎలాగైనా వారంలోపు పైకప్పు వేయిస్తానని చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు. "వారం అంటె ఎట్ల? మా ముసల్ది ఇయ్యాల వస్తుంది." నిన్న సాయంత్రం భార్యకి ఫోను చేసి, కప్పు వచ్చిందని చెప్పాడట! "తాతా! గట్లెట్ల చెప్పినవే?" అని అరిచాను. "నలభై ఏండ్ల సంది దానితోని ఒక్క అబద్ధం ఆడలే. నిన్న గూడ ఆడలే" అని మఖమలు మీద కప్పు వైపు వేలు చూపించాడు. "వచ్చిందా, లేదా?" కళ్ళు చెమర్చి ఉన్నాయి, ముఖం మాత్రం దొంగపిల్లాడిలా ఉంది. పొద్దున్నే నిర్మల్ బస్టాండు నుంచి ఫోను కూడా చేసిందట. వచ్చి ఆకాశం చూస్తే అటునుంచి అటే తిరిగిపోతుంది, ఇంక ఏ కప్పు వచ్చిందన్నా నమ్మదు.

ఆ తర్వాత నేను పరుగెత్తిన పరుగు చొప్పదండిలో చాలామంది చూశారు. పెద్దగుడి అయ్యగారు పైవాళ్ళకి నా మీద ఫిర్యాదు రాస్తున్నారు, మూడో పేజీలో ఉన్నారు. "అయ్యగారూ, నేనన్నది ఇంటి కప్పు!" అని ఆయాసంతో చెబితే, కలం పట్టుకున్న చెయ్యి అలాగే ఆగింది. "ఇరవై అడుగులు..." అని తనలో తానే గొణుక్కున్నారు. అక్కడి నుంచి షెడ్డుకి పరుగెత్తి చెబితే, పాస్టర్ నేలమీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వారు. తెల్లబట్టల బ్రదర్ మాత్రం నవ్వలేదు. "అయితే... అది గాదా?" అని ఒక్క మాటన్నారు. ఇరవై ఏళ్ళ ప్రార్థన ఒక్క నిమిషంలో కూలిపోయిన ముఖం అది. నా జన్మలో నేను అంత సిగ్గుపడిన క్షణం లేదు. క్షమించమని అడగబోతుంటే, ఆయనే చెప్పులు వేసుకుంటూ, "ముసలవ్వ ఏ బస్సులున్నది?" అన్నారు.

పది గంటలకల్లా దూలాలొచ్చాయి, రేకులొచ్చాయి, మేస్త్రీలొచ్చారు. మేస్త్రీ నిచ్చెన మీద కాలు పెట్టగానే అయ్యగారు చెయ్యెత్తి, ప్రార్థన లేకుండా ఎలా మొదలుపెడతారన్నారు. ఎవరు చేయాలన్న దగ్గర ముగ్గురూ ఒకరికొకరు మర్యాదగా అవకాశమిచ్చుకోవడం మొదలైంది. ఆ మర్యాద ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. ఇంతలో తాత ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "జగిత్యాల దాటిందట!" అని కేక వేశాడు. "ఎవల ప్రార్థన ఆళ్ళు నిచ్చెన మీదనే చేసుకోండ్రి అయ్యగారూ" అన్నాడు మేస్త్రీ. అలాగే చేసుకున్నారు. అయ్యగారు మొదటిసారి కోటు విప్పి గోడకి తగిలించి, నిచ్చెన పట్టుకుని నిలబడ్డారు. షెడ్డు పాస్టర్ పైన కూర్చుని మేకు కొట్టిన ప్రతిసారీ ఒక పల్లవి ఎత్తుకున్నారు. తెల్లబట్టల బ్రదర్ దూలాలు మోసి మోసి మధ్యాహ్నానికల్లా ఎర్రమట్టి బట్టల బ్రదర్ అయ్యారు. నేను కింద మేకులందిస్తూ, గంగాధర రోడ్డు వైపు నుంచి వచ్చే ప్రతి ఆటోకీ గుండె జారవిడుచుకుంటూ ఉన్నాను.

వంటింటి మూల రెండు రేకులు మిగిలి ఉండగానే ఆటో ఆగింది. పొట్టిగా, నిటారుగా ఉన్న ముసలావిడ చంకలో గుడ్డసంచితో దిగింది. తాత ముందుకెళ్ళలేదు, మంచం పక్కనే నిలబడిపోయాడు. ఆవిడ తల పైకెత్తి చూసింది. రేకుల మీద ముగ్గురు నలుగురు మనుషులు, వాళ్ళలో ఒకాయన పాడుతున్నాడు. "ఎవలు ఈళ్ళు?" అంది. "దేవుని మనుషులు" అన్నాడు తాత. "దేవుని మనుషులైతె గా మూలెందుకు ఇడిసిపెట్టిండ్రు?" అంది. షెడ్డు పాస్టర్ పాట ఆపి గబగబా మిగిలిన రేకు పట్టుకున్నారు. నేను ఆవిడ చంకలోని సంచి వైపే చూస్తున్నాను. ఆవిడ లోపలికొచ్చి, గోడలు తడిమి, మఖమలు మీద కప్పుని, గోనెసంచిని, గాజు పళ్ళేన్ని చూసి, చివరికి మొగుణ్ణి తేరిపార చూసింది. "ఎట్ల బక్కగైనవ్ పో" అంది. సంచి ఆయన చేతికిచ్చి, "లోపట పెట్టు" అంది. నేను గోడవైపు తిరిగి ఏడ్చేశాను.

ఆవిడకి మాత్రం అలాంటి వాటికి తీరిక లేదు. పొయ్యి ముట్టించి చాయ్ పెట్టింది. ఇంట్లో ఉన్నవి రెండే గ్లాసులు. కాబట్టి చేతికి అందిన వాటిలో పోసేసింది. (గాజు కప్పుల జోలికి మాత్రం పోనివ్వకుండా నేను పళ్ళెం ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను, అంతవరకైనా బుద్ధి పనిచేసింది.) అయ్యగారికి రెండు పిడుల పెద్ద కప్పు వచ్చింది. తెల్లబట్టల బ్రదర్‌కి చిన్న ప్లాస్టిక్ కప్పు. ఇద్దరూ చేతుల్లోకి చూసుకున్నారు, ఒకరి చేతిలోకి ఒకరు చూసుకున్నారు. "ఏందయ్యా సూస్తున్నరు, సల్లారిపోతది" అంది ముసలావిడ. ముందు బ్రదర్ ఒక గుక్కలో తాగేశారు. అయ్యగారు పెద్ద కప్పుని రెండు చేతులా ఎత్తి తాగి, అందులో చాయ్ ఇంకా చాలా మిగిలి ఉండటం చూసి, ఒక్క క్షణం ఆగి, పక్కనున్న బ్రదర్‌కి అందించారు. ఆయన తాగి షెడ్డు పాస్టర్‌కి ఇచ్చారు. తాత నా చెవి దగ్గరికొచ్చి, "గ్లాసులు తక్కువైనయని ఏమన్న అనుకుంటున్నరా బిడ్డా?" అని దిగులుగా అడిగాడు.

మూడు సంఘాలూ కలిసి ఆదివారం ప్రభు భోజనం తీసుకోవడం ఈరోజుకీ జరగలేదు. ఆ అంశం ఇంకా వాయిదాలోనే ఉంది. కార్యదర్శిని ఇప్పటికీ నేనే. ఇప్పుడు ఏ మెసేజైనా మూడుసార్లు చదివి, ఊరు, వీధి, మనిషి పేరు, కావలసిన వస్తువు అన్నీ వివరంగా రాసి పంపుతాను. ఒక్క తప్పు దొర్లదు. అందరూ చూస్తారు, ఎవరూ కొట్లాడరు, బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటారు. ఒక్కరు కూడా నిచ్చెన ఎక్కరు. అలాంటప్పుడు ఫోను పక్కన పెట్టి, తనకి అన్నీ తెలుసనుకున్న ఆ ఇరవై మూడేళ్ళ పిల్లని తలచుకుంటాను. ఎంత తెలివితక్కువదో అని నవ్వొస్తుంది. దాన్ని ఒక్క పూట పనికి పిలుచుకుంటే బాగుండుననిపిస్తుంది.